చేయి ఎక్కడ తడబడింది? చెడ్డ డిజైన్ల నుంచి నేర్చుకునే పద్ధతి

ఇంట్లో మందుల డబ్బా తీసి, సగం వాడి మిగిల్చిన మాత్రల షీట్లన్నిటినీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కదాని మీద గడువు తేదీ ఎక్కడుందో వెతకండి. కొన్నింటి మీద అది దొరకదు. కంపెనీ తేదీ వేయడం మరచిపోలేదు, షీటుకు ఒక చివరన మాత్రమే వేసింది. మందుల షాపులో ఆరు మాత్రలు చాలన్నప్పుడు తేదీ ఉన్న చివర షాపులోనే మిగిలిపోయి లేని చివర మన చేతికి వచ్చి ఉంటుంది, లేదా మొదటి రోజే మనం ఆ చివరి మాత్రను చించి వేసుకుని ఆ ముక్కను పారేసి ఉంటాం. ఆరు నెలల తర్వాత జ్వరం తగిలి "ఇది వేసుకోవచ్చునంటావా?" అని నాన్నగారు ఆ షీటును చేతికిస్తే, అవునని గానీ కాదని గానీ చెప్పడానికి ఆధారమేదీ ఉండదు.

యాప్‌లను జనం చేత వాడించి పరీక్షించే పనిలో ఉన్న నేను, కొత్తగా చేరినవారికి మొదట ఇచ్చే అభ్యాసం ఇదే. మొదటి రోజు వారిలో ఎక్కువమంది "చెత్త డిజైన్" అని ఒక్క మాట రాసుకుని వస్తారు. ఆ మాట నిజమే కావచ్చు గానీ, దాంతో చదువు అక్కడే ఆగిపోతుంది. అందుకని రెండో రోజు వారిని నేను అడిగే ప్రశ్న వేరు: తేదీ ఆ చివరకే ఎందుకు వెళ్లింది?

మందు పేరు, అందులోని పదార్థాలు, కంపెనీ చిరునామా ఎప్పటికీ ఒకటే కనుక వాటిని రేకు చుట్ట మీద ముందుగానే ముద్రించి ఉంచుతారు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ప్రతి బ్యాచ్‌కూ మారతాయి కనుక వాటిని ప్యాకింగ్ యంత్రం మీద అప్పటికప్పుడు గుద్దుతారు, షీటుకు ఒక్కచోట గుద్దితే యంత్రానికి పని తేలిక. షీటు మొత్తంగా అమ్ముడుపోయినంత కాలం ఇందులో లోపమేమీ లేదు. మన దగ్గర మాత్రలను కత్తిరించి విడిగా అమ్ముతారన్న సంగతి మాత్రం ఆ ఏర్పాటు చేసినవారి లెక్కలో లేకుండా పోయింది. ఇంతవరకు ఆలోచించినవారికి పాల ప్యాకెట్ అతుకులో నలిగిపోయిన తేదీ, బ్రెడ్ కవరు ముడిలో దాక్కున్న తేదీ ఎవరూ చూపించనక్కరలేకుండానే కనిపిస్తాయి, ఎందుకంటే అన్నిటికీ మూలం ఒకటే. 2023 ఆగస్టు 1 నుంచి 300 ప్రధాన మందుల బ్రాండ్లపై క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. నకిలీ మందులను గుర్తించడానికి అది మంచి సాధనమే, కానీ కత్తిరించిన ముక్క మీద సగం కోడే మిగిలినా, కోడ్ ఉన్న అట్టపెట్టె షాపులోనే ఉండిపోయినా నాన్నగారి ప్రశ్నకు జవాబు దొరకదు. ఒక కష్టానికి చేసిన మందు పక్కనున్న మరో కష్టానికి పనిచేస్తుందని అనుకోకూడదన్నది ఇక్కడే నేర్చుకోవచ్చు.

ఏం సేకరించాలి, ఎలా రాసుకోవాలి

వింత మెట్ల ఫొటోలు, తలకిందులుగా బిగించిన బోర్డుల ఫొటోలు కూడబెట్టడం సరదాగా ఉంటుంది, నేనూ చేశాను. కానీ ఫొటోలో వస్తువు పడుతుందే తప్ప దాని ముందు మనిషి పడిన తికమక పడదు. మీ నోట్‌బుక్‌లోకి ఎక్కవలసినది ఆ తికమక.

దాన్ని పట్టుకోవడానికి సులువైన దారి ఒకటుంది: కాగితం అంటించిన చోటల్లా ఆగండి. లాగమన్నట్టుగా పొడవాటి పిడి బిగించిన గాజు తలుపు మీద "తోయండి" అని రాసి ఉంటుంది. అమెరికా పరిశోధకుడు డొనాల్డ్ నార్మన్ వీటి గురించి విస్తారంగా రాసినందువల్ల, ఈ రంగంలో ఇలాంటివాటికి నార్మన్ తలుపులన్న పేరే స్థిరపడింది. ఫ్రిజ్ స్విచ్ మీద ప్లాస్టర్ అడ్డంగా అంటించి "ఆపకూడదు" అని రాస్తారు. రిమోట్‌లో పెద్దవాళ్లకు కావలసిన ఒక్క బటన్ మీద ఇంట్లో ఎవరో గోళ్లరంగు చుక్క పెడతారు. అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన "పైకి వెళ్లేవారు పై బాణం మాత్రమే నొక్కవలెను" అని వాచ్‌మన్ చేతిరాత కనిపిస్తుంది, ఎందుకంటే లిఫ్టు పై అంతస్తులో ఉంటే దాన్ని కిందికి రమ్మని పిలవడానికి కింది బాణం నొక్కాలని చాలామంది అనుకుంటారు. ఇవన్నీ వాడేవాళ్లు సొంతంగా చేసుకున్న మరమ్మతులు. ఒక ఆఫీసులోనో బస్టాండులోనో అరగంట తిరిగితే పది దొరుకుతాయి.

దొరికినదాన్ని రాసేటప్పుడు నాలుగు సంగతులు వదలకండి: మనిషి ఎవరు, ఏం కావాలని వచ్చారు, చేయి ఏం చేసింది, దానికి వస్తువు ఏమని బదులిచ్చింది. కారణం అనే గడిని ఆ రోజుకు ఖాళీగా ఉంచండి, వెంటనే తోచే కారణం చాలాసార్లు తప్పు అవుతుంది. నా నోట్‌బుక్‌లోంచి ఒక నమోదు ఇది, ఒక ఆసుపత్రిలో టోకెన్ యంత్రం ముందు రాసుకున్నది:

"ఉదయం తొమ్మిది. అరవై దాటిన పెద్దాయన, కళ్లజోడు జేబులో ఉంది. గుండె డాక్టరు గారి ఓపీ టోకెన్ కావాలి. తెర మీద విభాగం పేరు నొక్కారు. తెర మారలేదు, చప్పుడు లేదు. మళ్లీ నొక్కారు. మూడోసారి బొటనవేలితో గట్టిగా నొక్కారు. నాలుగు సెకన్లకు మూడు టోకెన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వెనక ఎవరో నవ్వారు. 'మనకు రాదులే బాబూ ఇవన్నీ' అంటూ రెండు టోకెన్లు నా చేతిలో పెట్టి వెళ్లారు. యంత్రం నుదుటి మీద కాగితం: ఒక్కసారే నొక్కండి."

ఆ సాయంత్రం కారణం గడి నింపేటప్పుడు నాకు అర్థమైందేమిటంటే, పెద్దాయన చేసింది సరైన పనే. కాలింగ్ బెల్ మోగకపోతే మళ్లీ నొక్కుతాం, పంపు స్విచ్ పడకపోతే గట్టిగా నొక్కుతాం, జీవితమంతా వస్తువులు నేర్పినది అదే. యంత్రం మొదటి నొక్కును అందుకుంది గానీ, అందుకున్నానని చెప్పలేదు. "టోకెన్ వస్తోంది, ఆగండి" అనే ఒక్క వరుస తెర మీదికి వచ్చి, ఆ నాలుగు సెకన్లూ మిగతా నొక్కులను పట్టించుకోకుండా ఉంటే కాగితం అవసరమే ఉండేది కాదు.

కారణం దాకా వెళ్లడం

ఒక చిన్న పొరపాటుకు కారణం తెలిశాక, అదే కారణం పెద్దచోట్ల ఏం చేసిందో వెతకడం మంచి అలవాటు. వస్తువు ఇచ్చే బదులులోని లోపానికి ప్రపంచమంతా ఉదహరించే ఘటన అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగింది. 1979 మార్చి 28 తెల్లవారుజామున అక్కడ పీడనం తగ్గించే వాల్వు ఒకటి తెరుచుకుని, తిరిగి మూసుకోవలసిన సమయంలో ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దాని దీపం మాత్రం ఆరిపోయింది. ఆ దీపానికి వాల్వు నిజంగా మూసుకుందో లేదో తెలియదు, మూసుకొమ్మని ఆదేశం వెళ్లిన సంగతి మాత్రమే తెలుసు. దీపం ఆరింది కనుక వాల్వు మూసుకుందని ఆపరేటర్లు నమ్మారు. రెండు గంటలకు పైగా రియాక్టరును చల్లబరిచే నీరు ఆ దారిన పోతూనే ఉంది, ఇంధనం కొంతమేర కరిగిపోయింది. ప్రమాదానికి ఆ దీపం ఒక్కటే కారణం కాదు, సిబ్బంది శిక్షణలోనూ లోపాలు ఉన్నాయి. అయినా డిజైన్ నేర్చుకునేవారు దీని నుంచి ఒక ప్రశ్నను ఎత్తిపెట్టుకుని ప్రతి తెర ముందూ అడగవచ్చు: ఇది మనం అడిగినదాన్ని చూపిస్తోందా, జరిగినదాన్ని చూపిస్తోందా? డబ్బు పంపే యాప్‌లో ఆకుపచ్చ టిక్కు కనిపించినప్పుడు, అవతలి ఖాతాలో డబ్బు పడిందని దాని అర్థమా, మన కోరిక బ్యాంకుకు చేరిందని మాత్రమేనా అన్నది ఈసారి గమనించండి.

రెండో పెద్ద కారణం పొంతన కుదరకపోవడం. దీన్ని నేర్చుకోవడానికి మీ హాలులోని స్విచ్‌బోర్డును మించిన పాఠ్యపుస్తకం లేదు. ఒక కాగితం మీద గదిని పైనుంచి చూసినట్టు గీసి ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి, కింద బోర్డులోని స్విచ్‌లను వరుసగా గీయండి, ఏ స్విచ్ దేనిదో గీతలతో కలపండి. గీతలు ఒకదానినొకటి ఎన్నిసార్లు దాటితే అంత తికమక. తర్వాత ఇంటికి వచ్చిన చుట్టాన్ని "ఆ మూల ఫ్యాను వేయండి" అని అడిగి, ఎన్ని స్విచ్‌లు నొక్కాక ఫ్యాను తిరిగిందో లెక్కపెట్టండి. మా ఇంట్లో ఎనిమిది స్విచ్‌ల బోర్డు ముందు మా బావగారికి ఐదు నొక్కులు పట్టింది, ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్న మా అమ్మకు మూడు. అలవాటు తప్పును పూర్తిగా దాచలేదని ఆ మూడు చెబుతోంది. గోడలోంచి వైర్లు ఏ వరుసలో చేతికి అందితే ఆ వరుసలో ఎలక్ట్రీషియన్ బిగించుకుంటూ పోవడం ఇందుకు కారణం. తలుపు దగ్గరున్నదానికి మొదటి స్విచ్, లోపలికి పోయేకొద్దీ తర్వాతివి, లైట్లు ఒక పక్క, ఫ్యాన్లు తమ రెగ్యులేటర్ల పక్కన అన్న వరుసను బోర్డు మూయకముందే కాగితం మీద గీసి ఇస్తే అదనంగా పైసా ఖర్చు కాదు. గోడకు రంగులు పడ్డాక చెబితే ఆయన మొహం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఇక అమెరికా వెళ్లిన మనవాళ్లు మొదటి వారాల్లో ప్రతి గదిలోనూ స్విచ్‌ను తప్పు దిక్కుకు వేస్తుంటారు, ఇక్కడ కిందికి నొక్కితే వెలిగేది అక్కడ పైకి ఎత్తితే వెలుగుతుంది. అందులో స్విచ్ తప్పు ఏమీ లేదు, కాబట్టి నోట్‌బుక్‌లో అలాంటివాటిని అలవాటు తేడాలని విడిగా రాసుకోండి.

పొంతన తప్పితే ఎంతదాకా పోతుందో 2000 నవంబరు 7న అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో తేలింది. అక్కడి బ్యాలెట్‌లో అభ్యర్థుల పేర్లు పుస్తకం తెరిచినట్టు ఎడమ పుటలో కొన్ని, కుడి పుటలో కొన్ని ఉండేవి, పొడవవలసిన రంధ్రాలు మాత్రం నడుమ ఒకే వరుసలో ఉండేవి. ఎడమ పుటలో మొదటి పేరు జార్జ్ బుష్‌ది, రెండో పేరు ఆయన ప్రధాన ప్రత్యర్థి అల్ గోర్‌ది. కుడి పుటలో మొదటి పేరు చిన్న పార్టీ అభ్యర్థి పాట్ బుకానన్‌ది. రంధ్రాల వరుసలో మాత్రం మొదటిది బుష్‌ది, రెండోది బుకానన్‌ది, మూడోది గోర్‌ది. ఎడమ పుటలో రెండో పేరు చూసి రెండో రంధ్రం పొడిచినవారి ఓటు వేరొకరికి పడింది. బుకానన్‌కు ఆ కౌంటీలో 3,400కు పైగా ఓట్లు వచ్చాయి, అవన్నీ తనకు వేయాలనుకుని వేసినవి కావని ఆయనే ఒప్పుకున్నాడు. అధ్యక్ష పదవికి ఒకటికన్నా ఎక్కువ రంధ్రాలు పొడిచినందువల్ల మరో 19,000కు పైగా బ్యాలెట్లు చెల్లకుండా పోయాయి. చివరికి ఫ్లోరిడా రాష్ట్రం మొత్తం మీద బుష్ గెలిచిన ఆధిక్యం 537 ఓట్లు.

ఈ కథలో విద్యార్థులు తరచు వదిలేసే భాగమే నాకు ముఖ్యమనిపిస్తుంది. పేర్లను రెండు పుటల్లోకి విడదీసింది నిర్లక్ష్యంతో కాదు. పోటీలో పదిమంది ఉన్నారు, అందరినీ ఒకే పుటలో ఇరికిస్తే అక్షరాలు చిన్నవైపోతాయి, కౌంటీలో వృద్ధులు ఎక్కువ, వారికి కనబడాలని అక్షరాలు పెద్దవి చేశారు. మేలు చేద్దామని తీసుకున్న నిర్ణయమే ఓటును పక్కదారి పట్టించింది. కనుక చెడ్డ డిజైన్ కనిపించిన ప్రతిసారీ, దీన్ని చేసినవారు దేన్ని కాపాడటానికి ప్రయత్నించారన్న ప్రశ్నకు ఒక వాక్యం రాయండి. రాయలేకపోతే మీకు ఆ డిజైన్ ఇంకా అర్థం కాలేదని లెక్క. మన ఈవీఎంలో ఇదే చిక్కును వేరే విధంగా దాటారు: పేరు, ఫొటో, గుర్తు, వాటికి ఎదురుగానే నీలం బటన్, అంతా ఒకే నిలువు వరుస. ఒక యూనిట్‌లో నోటాతో కలిపి 16 పేర్లకు చోటుంటుంది, అంతకు మించితే పక్కన మరో యూనిట్ కలుపుతారే తప్ప వరుసను విడదీయరు. నొక్కాక వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్ల పాటు కనిపిస్తుంది.

మన పేర్లు, వాళ్ల గడులు

తెలుగువారికి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఫారంలో "ఫస్ట్ నేమ్" అని అడిగితే నిజాయితీగా రాసే మనిషి ఇంటిపేరే రాస్తాడు, ఎందుకంటే ముందున్నది అదే. పరదేశంలో క్లాసులో పంతులు తాతముత్తాతల ఊరి పేరుతో పిలిస్తే పలకాలా వద్దా అని ఒక్క క్షణం ఆగిన తెలుగు పిల్లలు తక్కువమంది కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవారికి అమెరికా వీసాలో సొంత పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరు ఉండవలసిన చోట "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని అర్థం. అక్కడి నుంచి బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు అన్నిటిలోనూ ఆ మూడక్షరాలు వెంటబడతాయి.

ఇక్కడ కారణం ఏమిటో మీరే వెతకండని నేను విద్యార్థులను ఒక గంట వదిలేస్తాను. ఎక్కువమంది భాష తేడా అంటారు, అప్పుడు అదే ఫారం తెలుగు అనువాదం చూపిస్తాను. "మొదటి పేరు", "చివరి పేరు" అని ఉంటుంది, అంటే భాష తెలుగైంది గానీ తప్పు ఇంకా గట్టిపడింది. ఫారం అడగవలసింది పేరు చేసే పనిని, అడిగింది అది నిలబడే చోటును. "గుర్తింపు కార్డులో ఉన్నట్టే పూర్తి పేరు" అని ఒక గడి, "మిమ్మల్ని ఏమని పిలవాలి" అని రెండో గడి పెడితే చాలాచోట్ల సరిపోతుంది. విడదీసి అడగక తప్పనిచోట "ఇంటిపేరు", "పేరు" అని అడిగితే తెలుగువారెవరూ తడబడరు.

మనుషుల పక్కన కూర్చోవడం

ఎంత చూసినా మీ కళ్లు మీవే కనుక, ఒక దశ దాటాక ఇతరులు వాడుతుంటే చూడక తప్పదు. తొలి విడతకు నలుగురైదుగురు చాలు. "ఈ యాప్ నచ్చిందా?" అని మాత్రం ఎప్పుడూ అడగకండి. మన పెద్దవాళ్లకు ఎదుటివాళ్ల మనసు నొప్పించడం ఇష్టముండదు, మీరు ఇంటికి వచ్చి కాఫీ తాగి అడిగితే "బాగుందమ్మా" అనే అంటారు. దానికి బదులు ఒక పని అప్పగించండి: "పిన్నీ, ఈ నెల కరెంటు బిల్లు దీంట్లోంచి కట్టి చూపించండి." పక్కన, కొంచెం వెనగ్గా కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకోండి. "ఇక్కడ నొక్కాలా?" అని ఆవిడ అడిగినప్పుడు "మీకేమనిపిస్తోంది?" అనండి, ఎంత ప్రాణం కొట్టుకున్నా వేలు చూపించకండి. ఫొటో కావాలంటే అడిగి, చేతులు, తెర మాత్రమే తీయండి.

"నాకే తెలియదు", "నేనే సరిగ్గా చూడలేదు", "చదువుకోనిదాన్ని కదా" అన్న మాటలు వినిపించిన ప్రతిచోటా పక్కన చుక్క పెట్టుకోండి. మనిషి తప్పును తన మీద వేసుకున్న చోట దాదాపు ఎప్పుడూ తెర ఏదో చెప్పకుండా వదిలేసి ఉంటుంది. టోకెన్ యంత్రం ముందు పెద్దాయన అన్నదీ ఈ మాటే.

లెక్కలోకి తీసుకోకూడనివి

కష్టంగా ఉన్న ప్రతిదీ చెడ్డది కాదు. గ్యాస్ స్టవ్ నాబును లోపలికి నొక్కి తిప్పాలి, కుక్కరు మూతను ఆవిరి పోయేదాకా తీయకూడదు. ఆ కష్టాన్ని కావాలనే పెట్టారు, తీసేస్తే ప్రమాదం. దీనికి పూర్తిగా తలకిందులైన జాతి మరొకటుంది: వాడేవాడిని మోసగించడానికి శ్రద్ధగా చేసిన డిజైన్. అడగని బీమాను బుట్టలో చేర్చడం, చందా తీసుకోవడం ఒక నొక్కులో అయ్యేటట్టు, మానుకోవడం ఏడు తెరల వెనక ఉండేటట్టు చేయడం ఇందులోకి వస్తాయి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి 13 పద్ధతులను పేరు పెట్టి నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని వేరే నోట్‌బుక్‌లో రాసుకోండి, అక్కడ పొరపాటు పడింది డిజైనర్ కాదు.

మరమ్మతు

ప్రతి నమోదుకు ఒక మరమ్మతు రాయాలి, అది ఎంత చిన్నదైతే అంత మంచిది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా బీ-17 బాంబర్ విమానాలు దిగాక కొందరు పైలట్లు రెక్కల ఫ్లాపులను ఎత్తబోయి చక్రాలను ఎత్తేస్తుండేవారు, విమానం పొట్ట నేలకు తగిలేది. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ రెండు కంట్రోళ్లూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయని గమనించి, చక్రాలదానికి చిన్న చక్రం ఆకారపు పిడిని, ఫ్లాపులదానికి చీలిక ఆకారపు పిడిని తగిలించాడు. చీకట్లో కూడా చేతికి తేడా తెలిసింది. నేటికీ విమానాల్లో చక్రాల లివరుకు చక్రం ఆకారపు పిడే ఉంటుంది. మన వంటింట్లో ఒకే సైజు స్టీలు డబ్బాల్లో ఉప్పు, పంచదార పెట్టుకున్నవారు ఒక డబ్బా మూతకు రబ్బరు బ్యాండు వేయడం ఇదే తెలివి. పోపుల పెట్టెకు ఆ అవసరం కూడా లేదు, మూత తీస్తే అన్నీ ఎదుటే ఉంటాయి.

మీరు రాసిన మరమ్మతును కాగితం మీదనైనా తయారు చేసి, మొదట తడబడినవారి లాంటివారి చేతనే మళ్లీ వాడించండి. ఏది ముందు సరిచేయాలన్నది ఎన్నిసార్లు జరుగుతోంది, జరిగితే నష్టమెంత, మనిషి దాన్ని తప్పించుకోగలడా అన్న మూడింటిని బట్టి తేల్చుకోవచ్చు. అలాగే నమోదు చేసిన చోటుకు కొన్నాళ్లయ్యాక తిరిగి వెళ్లడం మానకండి. నేను నెల రోజుల తర్వాత ఆ ఆసుపత్రికి వెళ్లినప్పుడు "ఒక్కసారే నొక్కండి" కాగితం కనిపించలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే దాని మీదనే ఇంకో పెద్ద కాగితం అంటించి ఉంది, ఎర్ర ఇంకుతో: "దయచేసి ఒక్కసారి మాత్రమే నొక్కవలెను." పక్కన టోకెన్లు చించి ఇవ్వడానికి ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టారు.